పర్లాకిమిడిలో ఇంటికి వచ్చి పాత కుట్టు మిషన్లు బాగుచేసే మేస్త్రి: మూడు మిషన్ల మీద సమీక్ష

కబురు పెడితే ఇంటికే వచ్చి పాత కుట్టు మిషన్లను బాగుచేసే మేస్త్రి ఒకరు ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో ఉన్నారు. మా ఇంట్లో ఉన్న రెండు మిషన్లనూ, మా పక్కింటి పిన్నిగారి మిషనునూ ఆయన చేతే బాగుచేయించుకున్నాము. దుకాణానికి బోర్డు లేదు. తన పేరు గానీ ఫోను నంబరు గానీ రాయవద్దని ఆయనే కోరారు కనుక రాయడం లేదు. దారాలు, బొత్తాలు అమ్మే ఏ కొట్టులో అడిగినా దారి చూపిస్తారు. మూడు మిషన్లలో రెండు చక్కగా కుదిరాయి, మూడవది తిరుగుతోంది గానీ ఇంకా కుట్టడం లేదు. ఆ తేడా ఎందుకు వచ్చిందో, ఆయన పనిలో మెచ్చదగినది ఏమిటో, ఎక్కడ మనం పక్కనే నిలబడి చూసుకోవాలో వివరంగా రాస్తే, అటక మీద మిషను పెట్టుకుని ఏం చేయాలో తోచని వారికి పనికివస్తుంది.

మా వైపు, అంటే గజపతి, రాయగడ జిల్లాల్లోనూ, వంతెన దాటితే వచ్చే పాతపట్నం వైపు ఊళ్లలోనూ, నల్లటి ఇనుప కుట్టు మిషను లేని పాత ఇల్లు అరుదు. ఆడపిల్ల కాపురానికి వెళ్ళేటప్పుడు సారెతో పాటు మిషను పంపడం ఒక తరం మొత్తానికి వాడుకగా ఉండేది. ఇప్పుడు వాటిలో చాలా భాగం మూలన పడి, మీద దుప్పట్లు పెట్టుకునే బల్లలుగా మారిపోయాయి. కంపెనీల సర్వీసు మనుషులను అడిగితే కొత్త తెల్ల మిషను కొనమని, పాతది మార్పిడి కింద ఇచ్చేయమని చెబుతారు. పాత ఇనుము కొనేవాడు కిలోల లెక్కన అడుగుతాడు. ఈ రెండు దారులూ వద్దనుకున్నవారికి మిగిలేది ఇటువంటి మేస్త్రులే, వారి సంఖ్య కూడా తగ్గిపోతున్నది. అందుకే ఈ సేవను కొత్త మిషను కొనడంతో పోల్చి చూడాలి గానీ, ఫ్రిజ్ బాగుచేసే సేవతో పోల్చి చూడకూడదని నా ఉద్దేశం.

ముందు మిషన్ల సంగతి. మొదటిది మా అత్తగారి సింగర్, కాలితో తొక్కేది. దాని పీఠం మీద చెక్కిన వరుస సంఖ్యకు ముందున్న ఇంగ్లీషు అక్షరాలను బట్టి అది స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్‌లో తయారైనదని తెలుస్తుంది. అక్కడి కిల్‌బోవీ కర్మాగారం 1885 ప్రాంతంలో పని మొదలుపెట్టి 1980లో మూతపడింది. మన దేశంలో కనిపించే పాత సింగర్లలో ఎక్కువ భాగం అక్కడివే. రెండవది నా ఉషా. కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ 1930లలో మొదలుపెట్టిన మిషన్ల వంశానికి చెందినది. ఈ రెండూ లోపలి అమరికలో దాదాపు అన్నదమ్ములే: సింగర్ వారి 15వ తరగతి అనే నమూనాను అనుసరించి జపాన్‌లోనూ మన దేశంలోనూ లెక్కలేనన్ని మిషన్లు తయారయ్యాయి, అందువల్ల కింది దారం చుట్టే బాబిన్లు, వాటిని పట్టి ఉంచే బాబిన్ కేసులు, సూదులు, పై దారం ఉచ్చును పట్టి కింది దారంతో ముడివేసే షటిళ్ళు ఈనాటికీ బజారులో దొరుకుతాయి. పిన్నిగారిది మాత్రం వేరే జాతి. అది చేత్తో తిప్పేది, పొడవాటి సన్నని బాబిన్ పడవ ఆకారపు షటిల్‌లో కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగే పాత అమరిక. చూడడానికి మూడింటిలో అదే అందంగా ఉంటుంది, బాగుచేయడానికి అదే కష్టం.

ఈ మేస్త్రి గురించి నాకు మొదట నమ్మకం కలిగించిన విషయం చాలా చిన్నది. సింగర్ తొక్కడానికి రాయిలా బిగుసుకుపోయిందని చెప్పగానే ఆయన నూనె డబ్బా తీయలేదు, స్క్రూడ్రైవరూ తీయలేదు. కింది పెద్ద చక్రం మీదనుంచి తోలు బెల్టును తప్పించి, పైన ఉన్న చేతి చక్రాన్ని రెండు వేళ్ళతో తిప్పి చూశారు. బెల్టు లేకపోయినా పైది కదలడం లేదంటే బిగుతు తలలో, అంటే బల్ల మీది మిషనులో ఉందని, పైది తేలిగ్గా తిరిగితే లోపం కింద తొక్కుడు పలకలోనో, పలకను చక్రానికి కలిపే కడ్డీలోనో, అతిగా బిగించిన బెల్టులోనో ఉందని అర్థం. మాది తలలోనే ఉంది. తరువాత బాబిన్ కేసును బయటికి తీసి, షటిల్‌ను పట్టి ఉంచే రెండు మీటలను పక్కకు జరిపి షటిల్‌ను కూడా తీసేసి మళ్ళీ తిప్పారు. అప్పుడూ బిగుతుగానే ఉంది కనుక షటిల్ గాడిలో దారం ఇరుక్కోవడం కారణం కాదని తేలింది. భాగాలను ఒక్కొక్కటిగా పక్కకు తప్పిస్తూ లోపాన్ని ఒక మూలకు తరుముకుంటూ పోయే ఈ పద్ధతి తెలిసిన మనిషి అనవసరంగా మీ చేత ఏ సామానూ కొనిపించడు.

అసలు కారణం నూనె. అత్తగారి కాలంలో ఇంట్లో ఉన్న కొబ్బరి నూనెనే మిషనుకు వేసేవారు. చలికాలంలో పేరుకునే ఆ నూనె, వాడకుండా వదిలేసిన ఏళ్ళలో దుమ్ముతో కలిసి పాకం ముదిరినట్టు ప్రతి కీలు దగ్గరా గట్టిపడింది. మేస్త్రి తలను బల్ల నుంచి విడదీసి, పైనున్న ప్రతి నూనె రంధ్రంలోనూ, అడుగున ఇనుము మీద ఇనుము కదిలే ప్రతి చోటా కిరసనాయిలు చుక్కలు వేసి, మా వెనక వసారాలో ఎండ పడేచోట ఒక గోనెసంచి మీద పడుకోబెట్టారు. నల్లటి ఇనుము ఎండకు వేడెక్కితే లోపలి జిగురు మెత్తబడుతుందని, మే నెలలో అయితే ఈ పని సగం సూర్యుడే చేసిపెడతాడని ఆయన అన్నారు. మధ్యమధ్య వచ్చి చేతి చక్రాన్ని బలవంతం చేయకుండా కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు ఆడించారు. ఆ పూటకు తిరగలేదు. “రాత్రంతా అలా వదిలేయండి తల్లీ, బలం చూపిస్తే లోపల ఏదో ఒకటి విరుగుతుంది,” అని చెప్పి వెళ్ళిపోయి, మర్నాడు వచ్చారు. అప్పటికి చక్రం ఒక చుట్టు పూర్తిగా తిరిగింది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటును ఆయన చేయలేదు. కిరసనాయిలు మురికిని కరిగిస్తుంది గానీ కందెనగా నిలవదు. అది ఆరిపోయాక ఇనుము ఇనుముతో రాసుకుని అరుగుతుంది. ఆయన గుడ్డ పేలికలతో, పళ్ళ బ్రష్షుతో గోధుమ రంగు మడ్డిని తుడిచి, తెల్లటి పల్చని మిషను నూనెను ప్రతి చోటా ఒకటి రెండు చుక్కలు వేసి, కొంతసేపు ఖాళీగా తిప్పి, కారిన నల్లటి నూనెను మళ్ళీ తుడిచి మళ్ళీ వేశారు. తుడిచిన గుడ్డ మీద రంగు పోయేదాకా అలాగే సాగింది. షటిల్ తిరిగే గాడిలో ఒక్క చుక్క చాలునని, అక్కడ ఎక్కువైతే మొదటి జాకెట్టు మీద మరకలు పడతాయని చెప్పారు. దారం బిగువును నియంత్రించే రెండు టెన్షన్ బిళ్ళల మధ్య మాత్రం నూనె తగలకూడదు. అక్కడ ఆయన నూనె బదులు మడిచిన గుడ్డ అంచును దూర్చి లాగితే, ఎప్పటిదో ఎర్ర దారం ముక్క ఒకటి ఊడి వచ్చింది. ఆ ముక్క బిళ్ళలను పూర్తిగా మూసుకోనివ్వకపోవడం వల్లనే కుట్టు అడుగున ఉచ్చులు పడేవట. అత్తగారు చివరి రోజుల్లో ఈ మిషను పాడైపోయిందని వదిలేసింది ఆ ముక్క వల్లనే అయి ఉండవచ్చు.

బాబిన్‌కు దారం చుట్టే చిన్న చక్రం మీది రబ్బరు ఉంగరం ఎండి పగిలిపోయింది, మార్చారు. తోలు బెల్టు సాగింది, కొత్తది వేశారు. సింగర్‌లో కొనవలసి వచ్చినవి ఇవి రెండే. బెల్టు విషయంలో ఒక మాట చెప్పాలి. వానాకాలంలో తోలు సాగుతుందని ముందుగానే గట్టిగా బిగించే వాళ్ళు ఉంటారు. అలా చేస్తే తొక్కడం బరువై మోకాళ్ళ నొప్పులు వస్తాయి, చేతి చక్రం ఇరుసు కూడా ఒక పక్కకు అరుగుతుంది. ఆయన మాత్రం చక్రం మీద జారకుండా పట్టేంత మటుకు బిగించి, సాగితే అర అంగుళం కోసి మళ్ళీ తీగ కొక్కెం వేసుకోవడం ఎలాగో నా చేతే ఒకసారి చేయించారు.

ఉషా కథ వేరు. అది తిరగడంలో ఏ ఇబ్బందీ లేదు, కుట్టు వదిలేసేది. పల్చని వాయిల్ మీద బాగానే ఉండి, చీర ఫాల్ దగ్గర రెండు మడతలు రాగానే నాలుగు కుట్లకు ఒకటి తప్పేది. దీనికి ముందు మరొక ఊళ్లో ఒక మెకానిక్ షటిల్ అరిగిపోయిందని చెప్పి కొత్తది వేసి డబ్బు తీసుకున్నాడు, లోపం మాత్రం అలాగే ఉంది. మన మేస్త్రి ముందు సూదిని తీసి అద్దం పలక మీద పెట్టి వంకర ఉందేమో చూశారు, లేదు. సూది పెట్టిన తీరు చూశారు. సూది మొదట్లో ఒక పక్క చదునుగా ఉంటుంది, పొడవాటి గాడి దానికి ఎదురు పక్కన ఉంటుంది. దారం ఎప్పుడూ గాడి ఉన్న వైపు నుంచే ఎక్కాలి, షటిల్ ముక్కు చదును ఉన్న వైపు నుంచి పోవాలి. ఇది తిరగబడితే ఎంత మంచి మిషనైనా కుట్టదు. అదీ సరిగానే ఉంది.

అప్పుడు సూది పలకను విప్పి, నన్ను దగ్గరకు పిలిచి చూపించారు. చేతి చక్రాన్ని నెమ్మదిగా తన వైపు తిప్పుతూ సూది పూర్తిగా దిగిన తరువాత పైకి రావడం మొదలుపెట్టి సుమారు 2.4 మిల్లీమీటర్లు లేచేసరికి షటిల్ ముక్కు సరిగ్గా సూది వెనక, కంటికి కొంచెం పైన ఉండాలి. సూది లేచేటప్పుడు దారం కొద్దిగా ఉబ్బి ఒక చిన్న ఉచ్చు పడుతుంది, ఆ ఉచ్చులోకే ముక్కు దూరాలి. మా మిషనులో ముక్కు వచ్చేసరికి సూది కన్ను దాని కంటే పైన ఉంది, అంటే ఉచ్చు ఉన్నచోట ముక్కు లేదు. ఎప్పుడో సూది ఒక ఇత్తడి హుక్కు మీదనో జిప్పు మీదనో గట్టిగా తగిలి విరిగినప్పుడు, సూదిని మోసే కడ్డీ తన మర బిగింపులో కొంచెం పైకి జరిగిపోయి ఉంటుందని ఆయన అంచనా. ముఖం మీది పలకను తీసి, ఆ మరను వదులుచేసి, కడ్డీని వెంట్రుకవాసి కిందికి దించి బిగించారు. పాత మిషన్లలో ఈ కడ్డీ మీద రెండు సన్నని గీతలు ఉంటాయి. పై గీత సూది అట్టడుగున ఉండవలసిన స్థానాన్ని, కింది గీత షటిల్ ముక్కు కలవవలసిన స్థానాన్ని తెలుపుతాయి. ఆ గీతలు ఉండగా అంచనాతో పని లేదు. పని మొత్తం టీ చల్లారేంత సేపట్లో అయిపోయింది. ఆ తరువాత జీన్స్ అంచు కూడా కుట్టి చూశాము, ఒక్క కుట్టు తప్పలేదు.

బిగువులు సరిచేసే పద్ధతి కూడా చెప్పుకోదగినదే. పైన ఎర్ర దారం, కింద నల్ల దారం పెట్టి తెల్ల గుడ్డ మీద కుట్టి, నల్లది పైకి తొంగిచూస్తే పై బిగువు ఎక్కువని, ఎర్రది అడుగున ఉచ్చులు కడితే పై బిగువు తక్కువని చూపించారు. ముడి గుడ్డ మధ్యలో దాక్కోవాలి. అంతకు ముందు కింది దారాన్ని ఖాయం చేసుకోవాలి: బాబిన్ కేసును దారంతో వేలాడదీస్తే తనంతట తాను జారకూడదు, చేతిని చిన్నగా విదిలిస్తే కొంచెం జారి ఆగాలి. కింది దారం సరిగా ఉన్నాక అన్ని సర్దుబాట్లూ పైనే చేసుకోవచ్చు. గుడ్డను నొక్కే పాదాన్ని ఎత్తి ఉంచే పై దారం ఎక్కించాలని, అప్పుడే బిళ్ళలు విచ్చుకుని దారం లోపలికి దిగుతుందని కూడా చెప్పారు. ఇన్నేళ్ళుగా కుడుతున్న పిన్నిగారికి కూడా ఇది తెలియదు.

పిన్నిగారి చేతి మిషను దగ్గరకు వస్తే, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎంతగా దెబ్బతీసిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ వానకు వారి వెనక గదిలోకి నీళ్ళు చేరి, చెక్క పెట్టెలో ఉన్న మిషను అడుగు భాగం నానిపోయింది. తరువాత పెట్టె మూత తీయకుండానే ఉంచేశారు. మేస్త్రి తెరిచేసరికి అడుగున అంతా తుప్పు. షటిల్‌ను ఊపే చెయ్యి, గుడ్డను జరిపే పళ్ళను కదిలించే కడ్డీ అతుక్కుపోయి ఉన్నాయి. కిరసనాయిలు, ఎండ, మళ్ళీ కిరసనాయిలు, నూనె అన్నీ అయ్యాక అవి కదిలాయి. తుప్పు పట్టిన షటిల్ ముక్కును జీరో పేపరుతో, అంటే సన్నని గరుకు కాగితంతో, నూనె రాసి నెమ్మదిగా మెరుగుపెట్టారు, కొనను మాత్రం తాకనివ్వలేదు, కొన మొద్దుబారితే ఉచ్చును పట్టదు. సూది పలక రంధ్రం చుట్టూ దారం లాగి చూస్తే ఒకచోట గరుకు తగిలింది, దానినీ నునుపు చేశారు. ఇప్పుడు పిడి తిప్పితే అంతా గలగలమని తిరుగుతుంది. కుట్టదు, ఎందుకంటే ఆ పొడవాటి బాబిన్లు రెండూ తుప్పుకు తినేసి ఉన్నాయి, అటువంటివి పర్లాకిమిడిలోనూ లేవు, ఆయన అడిగించిన బరంపురం కొట్లలోనూ అప్పటికి లేవు.

ఈ విషయంలో ఆయనను తప్పుపట్టలేను. కానీ పనికి ముందే ఈ మాట చెప్పి ఉండవలసింది. పొడవాటి బాబిన్ మిషనుకు సామాను దొరకడం కష్టమని అనుభవం ఉన్నవారికి చూడగానే తెలుస్తుంది. ముందు బాబిన్లు సంపాదించి, తరువాత తుప్పు వదిలించే పనికి పూనుకుంటే పిన్నిగారు కూలి ఇవ్వడానికి వెనుకాడేవారు కాదు. “బాబిన్లు వచ్చాకే మిగతా డబ్బు తీసుకుంటాను,” అని ఆయన సగమే పుచ్చుకున్నారు, అది మర్యాదే. అయినా మీ ఇంట్లో ఇటువంటి మిషను ఉంటే, షటిల్, బాబిన్లు ఉన్నాయో లేవో మీరే ముందు చూసుకుని కబురు పెట్టండి.

సామాను నాణ్యత గురించి ఆయన అభిప్రాయం నాకు నచ్చింది. బజారులో దొరికే కొత్త షటిళ్ళన్నీ ఒకే తీరుగా నునుపు చేసినవి కావని, పాత షటిల్ తుప్పు లేకుండా ఉంటే దాన్ని మార్చడమే నష్టమని ఆయన వాదన. ఉషాలో ఇదివరకు ఆ వేరే ఊరి మెకానిక్ వేసిన షటిల్‌ను తీసి, నేను పారేయకుండా దాచిన పాతదానినే మళ్ళీ బిగించారు. శబ్దంలో తేడా చెవికి తెలిసింది. మార్చిన ప్రతి ముక్కనూ, సాగిన పాత బెల్టుతో సహా, కాగితంలో చుట్టి నా చేతికి ఇచ్చారు. మరమ్మతు చేసేవారి దగ్గర నేను అడిగి తీసుకునే అలవాటు ఇది, ఇక్కడ అడగనక్కరలేకపోయింది.

ఇక నచ్చనివి. ఆయనతో వచ్చే కుర్రవాడికి మిషను మీది బంగారు రంగు తీగల బొమ్మల విలువ తెలియదు. పాత మిషన్ల నల్ల పూత మీద ఆ బొమ్మలను కాపాడడానికి లక్క పూత వేసేవారు. స్పిరిటు, థిన్నరు వంటివి తగిలితే ఆ లక్క కరిగి బొమ్మ కూడా గుడ్డకు వచ్చేస్తుంది. కుర్రవాడు థిన్నరు సీసా మూత తీస్తుండగా నేను ఆపి, మిషను నూనెతోనే తుడిపించాను. నూనెతో తుడిస్తే మురికి నెమ్మదిగానే పోతుంది గానీ బొమ్మకు హాని లేదు. మేస్త్రి అక్కడ లేని ఆ కొద్దిసేపట్లో నేను కూడా లేకపోతే సింగర్ మీది అక్షరాలు పోయేవి. కాబట్టి పని జరిగినంతసేపూ ఇంట్లో ఒకరు పక్కనే ఉండాలి. కిరసనాయిలు వాడుతున్నారు కనుక వంటింటి పొయ్యికి, దీపారాధనకు దూరంగా, గాలి వచ్చే వసారాలోనే కూర్చోబెట్టడం కూడా మన బాధ్యతే.

రెండవది మోటారు బేరం. రెండు మిషన్లకూ మోటారు పెట్టించుకోమని ప్రతిసారీ అడుగుతారు. ఈ వయసులో ఎందుకు తొక్కడం అంటారు. మోటారు అమ్మితే ఆయనకు నాలుగు రూపాయలు మిగులుతాయని అర్థం చేసుకోగలను. కానీ కరెంటు పోయిన సాయంత్రాలలో కూడా కుట్టుకోవాలనుకునేవారికి, జాకెట్టు చంక దగ్గర ఒక్కొక్క కుట్టుగా తిప్పుకోవలసినవారికి కాలితో తొక్కడమే మంచిదని నా మతం. గట్టిగా వద్దంటే మళ్ళీ రెట్టించరు. మీ పాత మిషనుకు ఇదివరకే మోటారు ఉంటే, దాని తీగల మీది రబ్బరు పెళుసెక్కిందేమో విద్యుత్తు పని తెలిసినవారికి వేరుగా చూపించండి. మేస్త్రి ఆ పని చేయగలనంటారు గానీ, ఆయన నేర్పు ఇనుములో ఉంది, తీగలలో కాదు.

మూడవది సమయం. చెప్పిన రోజుకు రారు. దసరాకు ముందు, పెళ్ళిళ్ళ నెలల్లో ఊళ్ళోని దర్జీలందరూ ఆయనను పట్టుకుని ఉంటారు, ఇళ్ళకు వచ్చే తీరిక ఉండదు. (ఆ దుకాణంలో కాసేపు కూర్చుంటే కొలతలు ఒడియాలో, బేరాలు తెలుగులో వినబడతాయి, అదొక కాలక్షేపం.) రసీదు ఇవ్వరు; అడిగితే ఒక అట్టముక్క మీద సామాను ధర, కూలి వేరువేరుగా రాసి ఇస్తారు. ఆ లెక్కలో మోసం కనిపించలేదు. బెల్టు, ఉంగరం ధరలు బజారులో విచారిస్తే సరిపోయాయి. ఇంటికి వచ్చినందుకు విడిగా కొంత తీసుకుంటారు, తలను మనమే దుకాణానికి మోసుకువెళ్తే అది ఉండదు. ఉషాకు తీసుకున్న కూలి, ఆ పెళ్ళిళ్ళ నెలలో లైనింగు జాకెట్టు ఒకటి కుట్టించుకునే కూలి కంటే తక్కువే. సింగర్‌కు అంతకు రెట్టింపు పైన అయింది, రెండు పూటలు పట్టిన పని కనుక నాకు ఎక్కువ అనిపించలేదు.

తలను మోసుకువెళ్ళడం గురించి అడుగుతారేమో. బల్ల వెనక భాగంలో ఉన్న రెండు కీళ్ళ మరలను వదులుచేసి, బెల్టు తప్పించి, తలను వెనక్కు వాల్చి ఎత్తితే వచ్చేస్తుంది. పది కిలోలకు పైనే ఉంటుంది, అంతా ఇనుము. చేతి చక్రాన్ని పట్టుకుని ఎత్తకూడదు. కాశీనగరం, గుణుపూరు వైపు నుంచి వచ్చేవారు గోనెసంచిలో చుట్టి రైలులోనో బస్సులోనో తెచ్చుకోవడం నేను చూశాను. తలలో కాక కింద తొక్కుడు భాగంలో లోపం ఉంటే మాత్రం ఇంటికి పిలవడమే దారి. అక్కడ కడ్డీ అడుగున ఉన్న గిన్నెలో నూనె లేక టకటకమని శబ్దం రావడమే సాధారణంగా జరిగేది, దానిని ఎవరికి వారే సరిచేసుకోవచ్చు.

ఇంకొక మాట, ఆయన నేర్పినదే. మిషను వదిలేసిన కుట్లకు, తెగే దారానికి సగం కారణం సూదే. పల్చని గుడ్డకు 11, మామూలు నూలు గుడ్డకు 14, మందపాటి వాటికి 16, జీన్స్ వంటి వాటికి 18 సంఖ్య సూది. ఒకే సూదిని విరిగేదాకా వాడే మన అలవాటు మానుకుంటే మేస్త్రి రావలసిన అవసరం చాలా తగ్గుతుంది. ఇది తన వ్యాపారానికి నష్టమని తెలిసీ ఆయన చెప్పారు.

ఓవర్‌లాక్ మిషన్లు, ఎలక్ట్రానిక్ బోర్డులున్న కొత్త మిషన్లు ఈయన దగ్గరకు తీసుకువెళ్ళవద్దు. వాటికి కంపెనీ వారే సరి. 15వ తరగతి నల్ల మిషను మీ ఇంట్లో ఉండి, తలలో ఏ భాగమూ విరగకుండా ఉంటే, సంక్రాంతి వెళ్ళాక, పెళ్ళిళ్ళు మొదలుకాకముందు కబురు పెట్టండి. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒకటి తగ్గించింది థిన్నరు సీసాకు, పిన్నిగారికి ముందే చెప్పని మాటకు. పొడవాటి బాబిన్లు విశాఖపట్నంలో ఒక పాత సామాన్ల కొట్లో ఉన్నాయని ఈమధ్యనే ఆయన కబురు చేశారు. వాటిని తెప్పించి బిగించాక ఆ మిషను ఎలా కుడుతోందో ఇక్కడే చేరుస్తాను.